కోతి ఎంగిలిలోని నురగ వైరస్: మనిషికి ఎంత ప్రమాదం?

దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కే రోడ్డు మీదా, గిద్దలూరు నుంచి నంద్యాల పోయే నల్లమల దారిలోనూ బండ్లు ఆపి కోతులకు అరటిపళ్ళు, బిస్కెట్లు పంచడం పాత అలవాటే. పెంచలకోన, భైరవకోన లాంటి గుళ్ళ దగ్గర కొబ్బరిచిప్ప ఉన్నంతవరకు కోతి ఉంటుంది. పండు ఇచ్చినట్టే ఇచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నప్పుడో, పిల్లల చేతిలో సంచి కోసం పెనుగులాట జరిగినప్పుడో కాటు పడుతుంది. అప్పుడు అందరికీ గుర్తొచ్చేది రేబిస్ ఒక్కటే. ఆ భయం న్యాయమైనదే. అయితే ఆ ఎంగిలిలోనే, పెద్ద కోతుల్లో దాదాపు ప్రతిదాని నోట్లోనూ ఉండే ఇంకో వైరస్ ఉంది. దాని పేరు ఫోమీ వైరస్, తెలుగులో నురగ వైరస్ అనుకోవచ్చు. కోతి నుంచి మనిషికి ఇది అంటుతుందని గట్టిగా రుజువైంది. అంటుకుంటే బతికినంత కాలం ఒంట్లోనే ఉంటుంది. జబ్బు మాత్రం చేసినట్టు ఇంతవరకు కనిపించలేదు.

ఈ చివరి మాటను ఎంతవరకు నమ్మవచ్చు అన్నదే అసలు ప్రశ్న. జబ్బు కనిపించలేదు అనడానికీ, జబ్బు రాదు అనడానికీ తేడా ఉంది. ఆ తేడా ఎంతో తెలియాలంటే ఈ వైరస్‌ను ఎవరు, ఎలా, ఎంతమందిలో చూశారో చూడాలి.

1954లో అమెరికాలో జాన్ ఎండర్స్, థామస్ పీబుల్స్ తట్టు వైరస్‌ను పెంచడానికి కోతి మూత్రపిండాల కణాలను గాజు పాత్రల్లో పెంచుతున్నారు. తట్టు వైరస్ కలపని పాత్రల్లో కూడా కొన్నిచోట్ల కణాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, లోపల బుడగలు లేచి, సబ్బు నురగలా తయారయ్యాయి. ఆ కణాలు ఇచ్చిన కోతిలో ముందునుంచే ఉన్న వైరస్ పనే అది. లాటిన్‌లో నురగను స్పూమా అంటారు, అందుకే ఈ కుటుంబానికి స్పూమావైరస్‌లు అనే పేరు కూడా ఉంది. ఎయిడ్స్ కలిగించే హెచ్‌ఐవీ లాగే ఇవీ రెట్రోవైరస్‌లే, అంటే తమ జన్యువులను తాము దూరిన కణం డీఎన్‌ఏలో కలిపేసే రకం. కానీ వేరే శాఖ. కోతులు, లీమర్లు, పశువులు, గుర్రాలు, పిల్లులు, వీటిలో ప్రతి గుంపుకీ తనదైన నురగ వైరస్‌లు ఉన్నాయి. మనిషికి మాత్రం సొంత నురగ వైరస్ లేదు. మనుషుల్లో దొరికినవన్నీ కోతుల నుంచో, చింపాంజీ, గొరిల్లా లాంటి వానరాల నుంచో వచ్చినవే.

గాజు పాత్రలో కణాలను ఇంతగా నాశనం చేసే వైరస్ కోతి ఒంట్లో ఎందుకు గొడవ చెయ్యదు? దీనికి సరైన జవాబు 2008లో వచ్చింది. మన ఊళ్ళ కోతి కూడా చేరే మకాక్ కుటుంబపు కోతుల ఒళ్ళంతా వెతికితే వైరస్ జన్యుపదార్థం దాదాపు అన్ని అవయవాల్లోనూ ఉంది, కానీ నిద్రపోతున్నట్టు పడి ఉంది. అది నిజంగా పిల్లలు పెడుతున్న చోటు నోటి లోపలి పొరలో అన్నిటికన్నా పైనుండే కణాలు మాత్రమే. ఆ కణాలు ఎలాగూ త్వరలోనే చచ్చి ఊడి ఎంగిలిలో కలిసిపోయేవి. ఎలాగూ పోయే కణాన్ని వాడుకుంటే కోతికి నష్టం లేదు, వైరస్‌కేమో ఎంగిలి ద్వారా పక్క కోతికి దారి దొరుకుతుంది. పుట్టిన పిల్లకు తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు కొన్నాళ్ళు కాపు కాస్తాయి. ఆ తర్వాత కాట్లాటల్లో, ఎంగిలి కలిసే ఆటల్లో అంటుకుంటుంది. బోనుల్లో గుంపుగా పెరిగే పెద్ద కోతుల్లో 70 నుంచి 100 శాతం దాకా ఇది కనిపిస్తుంది.

ఈ సర్దుబాటు ఒకరోజులో కుదిరింది కాదు. 2005లో కోతిజాతుల వంశవృక్షాన్నీ వాటి నురగ వైరస్‌ల వంశవృక్షాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే కొమ్మకు కొమ్మ సరిపోయింది. కనీసం 3 కోట్ల ఏళ్ళుగా వైరస్, జంతువు కలిసి నడుస్తున్నాయన్నమాట. సీలకాంత్ అనే పురాతన చేప జన్యువుల్లోనూ ఈ కుటుంబపు శిథిలాలు దొరికాయి. అయితే ఆ పాత పొందిక కోతికీ కోతి వైరస్‌కీ మధ్య కుదిరింది. మనిషి ఒంట్లో అది అలాగే పనిచేస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. హెచ్‌ఐవీ పూర్వీకుడైన ఎస్‌ఐవీ కూడా దాని సొంత ఆఫ్రికా కోతుల్లో పెద్దగా జబ్బు చెయ్యదు. అది చింపాంజీ నుంచి మనిషిలోకి దిగాక ఏమైందో, ఎయిడ్స్‌ను దగ్గర నుంచి చూసిన ప్రకాశం జిల్లాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

మనిషిలో నురగ వైరస్ కథ ఒక పొరపాటుతో మొదలైంది. 1971లో కెన్యాకు చెందిన ఒక క్యాన్సర్ రోగి ముక్కు వెనక గడ్డ నుంచి తీసిన కణాల్లో ఈ వైరస్ దొరికింది. మనిషిలో దొరికింది కాబట్టి మనిషి వైరస్సే అనుకుని ‘హ్యూమన్ ఫోమీ వైరస్’ అని పేరు పెట్టారు. తర్వాత జన్యుక్రమం చదివితే అది తూర్పు ఆఫ్రికా చింపాంజీల వైరస్ అని తేలింది. ఈలోపు మరో అనర్థం జరిగింది. థైరాయిడ్ జబ్బులు, కండరాల బలహీనత జబ్బు మయస్థీనియా, ఎడతెగని నీరసం, ఇలా కారణం తెలియని జబ్బులకు ఇదే మూలమని 1980లు, 90ల్లో వరసగా వాదనలు వచ్చాయి. ఆ వాదనలకు ఆధారమైన రక్తపరీక్షల్లో చాలావాటిలో లోపం ఉంది. ఈ వైరస్‌తో సంబంధం లేని యాంటీబాడీలు కూడా పరీక్ష పట్టీకి అంటుకుని ‘ఉంది’ అని చూపించాయి. జాగ్రత్తగా మళ్ళీ చేస్తే ఆ రోగుల్లో వైరస్ లేదు.

ఆ అనుభవం వల్ల ఇప్పుడు ఒక్క పరీక్షతో ఎవరూ తృప్తిపడరు. మొదట రక్తంలోని యాంటీబాడీలను పట్టే వెస్టర్న్ బ్లాట్ పరీక్షలో వైరస్ లోపలి పొరకు చెందిన గ్యాగ్ ప్రోటీన్ రెండు గీతలుగా రావాలి, ఒకటి 71 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువు కొలత) బరువుది, ఇంకొకటి 68ది. ఒక్క గీతే పడితే అనుమానమని రాసి పక్కన పెడతారు. రెండూ పడ్డాక తెల్లరక్తకణాల డీఎన్‌ఏలో వైరస్ ముక్క కోసం పీసీఆర్, అంటే ఆ ముక్కను ఎన్నో రెట్లు పెంచి చూసే పరీక్ష, చేస్తారు. ఇక్కడా చిక్కుంది. మనిషిలో ఈ వైరస్ చాలా కొద్ది కణాల్లోనే ఉంటుంది. ఒక్కోసారి లక్ష కణాల్లో ఒకటి రెండు ప్రతులే దొరకవచ్చు. కాబట్టి తక్కువ రక్తం తీస్తే ఉన్నదీ దొరకదు. పీసీఆర్‌ను రెండుసార్లు తిప్పి మరీ పెంచితే, పక్క గొట్టంలోని ముక్క పొరపాటున కలిసినా ‘ఉంది’ అని వస్తుంది. అందుకే దొరికిన ముక్క జన్యుక్రమం చదివి, అది ఆ మనిషిని కరిచిన జాతి కోతి వైరస్‌తో సరిపోతుందో లేదో చూస్తారు. అది సరిపోయాకే లెక్కలోకి తీసుకుంటారు.

ఇలా గట్టిగా తేల్చిన లెక్కలు కొన్నే ఉన్నాయి. 2004లో ఉత్తర అమెరికాలో కోతులతో పనిచేసే 187 మందిని పరీక్షిస్తే 10 మందికి ఉంది. అదే ఏడాది కామెరూన్ అడవి ఊళ్ళలో 1,099 మందిలో 10 మందికి యాంటీబాడీలు దొరికాయి. వేటలో గొరిల్లాల చేత గట్టిగా కరిపించుకున్నవాళ్ళలో అయితే ఆ వంతు చాలా ఎక్కువ. మనకు దగ్గరగా పోల్చుకోదగ్గది 2008లో వచ్చిన ఆసియా పరిశీలన. థాయ్‌లాండ్, ఇండోనేషియా, నేపాల్, బంగ్లాదేశ్‌లలో గుళ్ళ దగ్గరా, కోతులాడించేవాళ్ళలో, పెంపుడు కోతుల ఇళ్ళలో, సంతల్లో 305 మందిని చూస్తే 8 మందికి, అంటే 2.6 శాతానికి ఉంది. వాళ్ళు అడవిలో వేటాడేవాళ్ళు కాదు. పెంచలకోనలో పూజాసామగ్రి అమ్ముకునేవాళ్ళ లాంటి, రోజూ కోతుల మధ్య తిరిగే మామూలు మనుషులు. వాళ్ళకు అంటించినవి కూడా మకాక్ కోతులే. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎక్కువగా కనిపించే, నడినెత్తిన టోపీ పెట్టినట్టు జుట్టు చీలి ఉండే కోతిదీ ఆ మకాక్ కుటుంబమే.

మనిషి నుంచి మనిషికి పాకినట్టు ఒక్క కేసు కూడా నమోదు కాలేదు. ఏళ్ళ తరబడి వైరస్ ఉన్న మగవాళ్ళ భార్యలను పరీక్షించారు, వాళ్ళకు రాలేదు. దీనికి కారణం కొంతవరకు అర్థమైంది. గొరిల్లా వైరస్ ఉన్న మనుషుల రక్తంలోనూ, ఎంగిలిలోనూ వైరస్ డీఎన్‌ఏ దొరికింది కానీ, అది పెరుగుతోందని చెప్పే ఆర్‌ఎన్‌ఏ దొరకలేదు. అంటే మనిషి నోట్లో అది నిద్ర లేవడం లేదు. పైగా ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్ళ రక్తంలో వైరస్‌ను గట్టిగా అడ్డుకునే యాంటీబాడీలు ఉన్నట్టు పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ బృందం 2018లో చూపించింది. ఆ యాంటీబాడీలు వైరస్ పైపొరలో ఎక్కడ పట్టుకుంటున్నాయి, కణంలోకి దూరే భాగం ఆకారమేమిటి అన్నవి ఇప్పుడు ముమ్మరంగా చదువుతున్న సంగతులు. 2023లో ఆ భాగపు త్రిమితీయ నిర్మాణం బయటికొచ్చింది.

ఇక జబ్బు సంగతి. 2018లోనే కామెరూన్‌లో గొరిల్లా వైరస్ ఉన్న 24 మంది మగవాళ్ళను, అదే వయసు, అదే బతుకుతెరువు ఉండి వైరస్ లేని 24 మందితో పోల్చారు. ప్రత్యేకమైన జబ్బేదీ బయటపడలేదు. కానీ వైరస్ ఉన్నవాళ్ళలో హీమోగ్లోబిన్ తక్కువగా ఉంది. యూరియా, క్రియాటినిన్ లాంటి కొన్ని కొలతలు ఎక్కువగా ఉన్నాయి. ఇది వైరస్ వల్లేనా అంటే ఆ పరిశీలన ఒక్కదానితో చెప్పలేం. 48 మంది చిన్న గుంపు. దానికంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. ఇంతవరకు చూసినవాళ్ళందరూ అడవికెళ్ళి వేటాడగలిగినవాళ్ళు, జంతుశాలలో ఉద్యోగం చేస్తున్నవాళ్ళు, గుళ్ళ దగ్గరా సంతల్లోనూ పని చేసుకుంటున్నవాళ్ళు, అంటే లేచి తిరుగుతున్నవాళ్ళే. ఒకవేళ వైరస్ వల్ల ఎవరైనా మంచాన పడి ఉంటే, చనిపోయి ఉంటే, వాళ్ళు ఈ పరీక్షలకు వచ్చే అవకాశమే లేదు. ‘హాని లేదు’ అన్న మాటను చెప్పేటప్పుడు ఈ లోటును కూడా పక్కనే చెప్పాలి. చెప్పకపోవడం తప్పు.

రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళ సంగతి విడిగా చూడాలి. ఎస్‌ఐవీ వల్ల నిరోధకశక్తి పడిపోయిన మకాక్ కోతుల్లో నురగ వైరస్ నోటితో ఆగలేదు, చిన్నపేగులోనూ పెరిగింది. ఇంకో ప్రయోగంలో, ముందే నురగ వైరస్ ఉన్న కోతులకు ఎస్‌ఐవీ ఎక్కిస్తే, అది లేని కోతుల కన్నా ఎస్‌ఐవీ జోరు ఎక్కువగా ఉంది. మనుషుల్లో హెచ్‌ఐవీ, నురగ వైరస్ రెండూ ఉన్న కేసులు పశ్చిమ మధ్య ఆఫ్రికాలో దొరికాయి కానీ, వాటి నుంచి తీర్పు చెప్పేంత లెక్క లేదు. హెచ్‌ఐవీకి ఏఆర్‌టీ మందులు వాడుతున్నవాళ్ళు, కీమోథెరపీలో ఉన్నవాళ్ళు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళు కోతులకు మేత పెట్టే పని మానుకోవడం మంచిదని చెప్పడానికి ఈ మాత్రం ఆధారం చాలు.

రక్తదానంలోనూ ఒక సందు ఉంది. వైరస్ ఉన్న మకాక్ రక్తం ఎక్కిస్తే ఇంకో మకాక్‌కు అంటుకుందని ప్రయోగాల్లో తేలింది. మనిషికి మనిషి రక్తం ద్వారా వచ్చినట్టు కేసు లేదు. మన దేశంలో దానం చేసిన రక్తాన్ని హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియాలకు పరీక్షిస్తారు, నురగ వైరస్‌కు చెయ్యరు. జంతువు కరిచి రేబిస్ టీకా వేయించుకున్నవాళ్ళను ఒక ఏడాది రక్తదానానికి దూరంగా ఉంచుతారు. అది రేబిస్ కోసం పెట్టిన గడువు. నురగ వైరస్ ఏడాదితో పోయేది కాదు కాబట్టి ఆ నియమం దీనికి సగం తలుపే.

ఈ వైరస్ వల్ల మనిషి ఆరోగ్యానికి జరిగిన మేలు గురించి ఎక్కువమందికి తెలియదు. హెచ్‌ఐవీ మన కణంలో దూరాక తన డీఎన్‌ఏను మన డీఎన్‌ఏలో కుట్టేస్తుంది. ఆ కుట్టుపని చేసే ఎంజైమ్ ఇంటిగ్రేజ్. దాన్ని ఆపే మొదటి మందు రాల్టెగ్రావిర్ 2007లో వచ్చింది. మందు పనిచేస్తోంది కానీ ఎంజైమ్‌కు సరిగ్గా ఎక్కడ, ఎలా అతుక్కుంటోందో చూడలేకపోయారు. అందుకు హెచ్‌ఐవీ ఇంటిగ్రేజ్ మొండితనమే కారణం. నీళ్ళలో సరిగ్గా కరగదు, ముద్దలు కడుతుంది. ముద్దకట్టిన ప్రోటీన్ నుంచి స్ఫటికం రాదు, స్ఫటికం లేకుండా ఎక్స్-రే చిత్రం రాదు. నురగ వైరస్ ఇంటిగ్రేజ్ అలా కాదు, చక్కగా కరుగుతుంది, గొట్టంలో కూడా చురుగ్గా పనిచేస్తుంది. లండన్‌లో పీటర్ చెరెపనోవ్ బృందం దాన్ని వైరస్ డీఎన్‌ఏ కొసలతో సహా స్ఫటికంగా మార్చి, 2010లో మొదటిసారి ఆ కుట్టుమిషన్ మొత్తాన్ని చూపించింది.

ఎంజైమ్ నడిబొడ్డున రెండు మెగ్నీషియం అయాన్లు ఉంటాయి. మందు ఆ రెండింటినీ ఒకేసారి పట్టుకుని, వైరస్ డీఎన్‌ఏ కొసను దాని చోటు నుంచి పక్కకు నెట్టేస్తుంది. కొస కదిలితే కుట్టు పడదు. రాల్టెగ్రావిర్ ఆ ఎంజైమ్‌లో టైరోసిన్ అనే ఒక అమైనో ఆమ్లం మీద కూడా ఆనుకుంటుంది. హెచ్‌ఐవీలో అది 143వ స్థానం. అక్కడ మార్పు వస్తే మందుకు లొంగని హెచ్‌ఐవీ ఎందుకు పుడుతుందో ఈ చిత్రం చూశాకే స్పష్టమైంది. 2011లో డోలుటెగ్రావిర్ కూడా ఇదే నురగ వైరస్ ఎంజైమ్‌లో కూర్చోబెట్టి చూశారు. ఆ మందు సన్నని తోకతో ఇంకాస్త లోపలికి చేరుతుంది, ఆ టైరోసిన్ మీద అంతగా ఆధారపడదు. హెచ్‌ఐవీ సొంత కుట్టుమిషన్ నిర్మాణం 2017 దాకా బయటికి రాలేదు. ఒంగోలులోనో నెల్లూరులోనో ఏఆర్‌టీ కేంద్రంలో నెలనెలా తీసుకునే టీఎల్‌డీ బిళ్ళలో 300 మి.గ్రా. టెనోఫోవిర్, 300 మి.గ్రా. లామివుడిన్‌తో పాటు ఉండే 50 మి.గ్రా. డోలుటెగ్రావిర్ ఎంజైమ్‌ను ఎలా పట్టుకుంటుందో మొదట చూపించింది ఈ నురగ వైరస్సే.

జన్యుచికిత్సలోనూ దీన్ని వాడి చూశారు. రోగనిరోధక శక్తి లేకుండా పుట్టిన పిల్లలకు ఎలుక రెట్రోవైరస్‌తో జన్యువు ఎక్కించినప్పుడు, అది క్యాన్సర్‌ను రేపే జన్యువు పక్కన కూర్చుని కొందరికి లుకేమియా తెచ్చింది. నురగ వైరస్ అలాంటి చోట్ల దిగడం తక్కువ. తెల్లరక్తకణాలు అతుక్కోలేని పుట్టుజబ్బున్న కుక్కలకు దీని ద్వారా జన్యువు ఎక్కిస్తే 5 కుక్కల్లో 4 కోలుకున్నాయని 2008లో ప్రకటించారు. దీని లోటు ఏమిటంటే, కణం విభజన చెందితేనే ఇది డీఎన్‌ఏలో దిగగలదు.

ఒంగోలు గిత్తల గడ్డ మీద పశువుల నురగ వైరస్ గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. అది ఆవుపాలలో ఉంటుంది, దూడకు అలాగే పోతుంది. మనిషికి అంటుకుని నిలిచినట్టు రుజువు లేదు. పొర ఉన్న వైరస్ కాబట్టి వేడికి నిలవదు. కాచిన పాలతో గానీ, ఉడికించిన జున్నుతో గానీ భయం లేదు. పిల్లుల వైరస్ కోసం అమెరికాలో 204 మంది పశువైద్యులను పరీక్షించారు. గీరుళ్ళు, కాట్లు రోజూ తినే వృత్తి అయినా ఒక్కరికీ లేదు.

కోతి కరిచినప్పుడు ఏం చెయ్యాలన్నది నురగ వైరస్ వల్ల మారదు. అడ్డుకోవాల్సినవి రేబిస్, ధనుర్వాతం, ఇంకా మకాక్ కోతుల్లో ఉండే బి వైరస్ అనే హెర్పిస్. పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, గడియారం చూసి మరీ. రెండు నిమిషాలకే ఆపెయ్యడం, దాని మీద పసుపో సున్నమో కారమో పెట్టడం, ఇవే ఎక్కువగా జరిగే తప్పులు. మంటపుట్టే పూతలు గాయాన్ని ఇంకా రేపుతాయి, లోపలి ఎంగిలి కడిగే దారి మూసేస్తాయి. కడిగాక పోవిడోన్ అయోడిన్ రాయాలి. కుట్లు వేయించకూడదు. తప్పనిసరైతే రేబిస్ సీరం (తయారుగా ఉన్న యాంటీబాడీల మందు) ఎక్కించాక, వదులుగా. కంట్లో ఎంగిలి పడితే అంతే సేపు నీళ్ళతో కడగాలి.

రేబిస్ టీకా చర్మంలోకి అయితే రెండు భుజాలకూ 0.1 మి.లీ. చొప్పున 0, 3, 7, 28 రోజుల్లో, కండకు అయితే 0, 3, 7, 14, 28 రోజుల్లో. రక్తం వచ్చిన గాయానికి టీకా ఒక్కటే చాలదు, సీరం కావాలి. గుర్రపు సీరం కిలో బరువుకు 40 యూనిట్లు, అంటే 60 కిలోల మనిషికి 2,400. మనిషి సీరం కిలోకు 20. దాన్ని పిరుదుకు వేసి పంపడం కాదు, గాయం లోపలా చుట్టూ ఎక్కించాలి. మొదటి రోజు దొరక్కపోతే 7వ రోజు లోపు పెద్దాసుపత్రికి వెళ్ళి అయినా వేయించుకోవాలి. బి వైరస్ మనుషుల్లో చాలా అరుదు, 1932 నుంచి ప్రపంచంలో నమోదైనవి 50 కేసుల దాకానే. అయితే ప్రాణం తీసే జబ్బు. తల, మెడ మీద కాటో, లోతైన గాయమో అయితే వాలసైక్లోవిర్ 14 రోజులు ఇవ్వాలా అని డాక్టరు ఆలోచిస్తారు. నెల లోపు గాయం దగ్గర పొక్కులు, తిమ్మిరి, జ్వరంతో తలనొప్పి వస్తే ఆగకుండా వెళ్ళాలి.

నురగ వైరస్‌కు మాత్రం విడిగా మందు గానీ, పరీక్ష గానీ అక్కర్లేదు. పైన చర్మం చెదరకుండా కోతి ముట్టుకుంటే, పండు లాక్కుంటే అంటుకునే భయం దాదాపు లేదు. ఓపీ చీటీలో మాత్రం ‘జంతువు కాటు’ అని కాకుండా ‘కోతి కాటు’ అని, తేదీ, చోటు, గాయం లోతు రాయించుకుని దాచుకోవాలి. ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరైనా ఈ జిల్లాల్లో ఈ వైరస్ కోసం వెతికితే, ఎవరి రక్తం చూడాలో వాళ్ళకు చెప్పగలిగేది ఆ చీటీయే.